ఇన్‌ఫ్లో అంటే వరదేనా?

ప్రశ్న: వానాకాలం వస్తే చాలు, టీవీలో "ఇన్‌ఫ్లో లక్ష క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో 80 వేలు" అని స్క్రోలింగ్ నడుస్తూనే ఉంటుంది. ఈ ఇన్‌ఫ్లో డ్యామ్‌లో ఉన్న నీళ్లా, వచ్చే నీళ్లా? దీనికి తెలుగు మాట లేదా?

జవాబు: వచ్చే నీళ్లే. ఉన్న నీళ్లను నిల్వ అంటారు, దాన్ని టీఎంసీల్లో చెబుతారు. ఇన్‌ఫ్లో సెకనుకి ఎంత వస్తోందో చెప్పే లెక్క కాబట్టి క్యూసెక్కుల్లో ఉంటుంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. "లక్ష క్యూసెక్కులు నిల్వ ఉన్నాయి" అని ఎవరైనా రాస్తే అది తప్పే. సుమారు 11,574 క్యూసెక్కులు రోజంతా ఆగకుండా వస్తే ఒక టీఎంసీ అవుతుంది. మీరు చెప్పిన అంకెల్లోనే చూడండి, లక్ష వచ్చి 80 వేలు పోతే మిగిలేది 20 వేలు, అంటే రోజుకి నిల్వ పెరిగేది 1.73 టీఎంసీలే.

ఇంకో సంగతి. రిజర్వాయర్ ఇన్‌ఫ్లోని చాలాసార్లు నేరుగా కొలవరు, లెక్కగడతారు. నీటిమట్టం ఎంత మారిందో చూసి, ఆ మేరకు నిల్వలో వచ్చిన తేడాకి బయటికి వదిలిన నీళ్లూ ఆవిరైపోయినవీ కలుపుతారు. పెద్ద రిజర్వాయర్‌లో గాలికి అలలు లేచి మట్టం కాస్త అటూ ఇటూ కనబడినా చాలు, అంకె గంటకో రకంగా ఎగురుతుంది. ఒక్క గంట లెక్క చూసి టెన్షన్ పడక్కర్లేదు.

తెలుగు మాటంటారా, పత్రికలు "వరద" అని వాడేస్తున్నాయి, ఊళ్లు మునగకపోయినా సరే. నది పోటెత్తినప్పుడు ఆ మాట బాగానే ఉంటుంది. ఐదారొందల క్యూసెక్కులకి కూడా వరద అంటేనే నవ్వొస్తుంది. పైగా నాగార్జునసాగర్‌కి వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం శ్రీశైలం నుంచి వదిలినవే, అక్కడి ఔట్‌ఫ్లోయే ఇక్కడ ఇన్‌ఫ్లో. "అంతఃప్రవాహం" ఎవరి నోటా వినబడదు. "వచ్చే నీరు, పోయే నీరు" అంటే హాయిగా అర్థమవుతుంది.

ప్రశ్న: మరి మ్యూచువల్ ఫండ్ వార్తల్లో ఇన్‌ఫ్లో?

జవాబు: అక్కడ వచ్చి చేరేది డబ్బు. మదుపరులు వెనక్కి తీసుకున్నది పోగా మిగిలితే నికర ఇన్‌ఫ్లో. షేర్ల ధర పెరిగి ఫండ్ విలువ పెరిగితే మాత్రం అది ఇన్‌ఫ్లో కాదు. వ్యాపారం ఖాతాల్లో చూస్తే, అప్పు తెచ్చుకున్నా క్యాష్ ఇన్‌ఫ్లో కిందే రాస్తారు, దాన్ని లాభం అనుకోకండి.