మొదటి చెక్క ఓడ కిట్‌గా యుద్ధనౌక వద్దు, చేపల ఓడ కొనండి

"వడ్రంగం తెలియని నేను ముక్కలు అతికించి కట్టుకునే చెక్క నమూనా ఓడ కిట్ కొనాలనుకుంటున్నాను. విక్టరీ లాంటి పెద్ద యుద్ధనౌకతోనే మొదలుపెట్టవచ్చా, పూర్తికావడానికి ఎంతకాలం పడుతుంది" అని అడిగారు. మొదలుపెట్టవచ్చు. పూర్తి చేయడం మాత్రం జరగదని నిర్మొహమాటంగా చెబుతున్నాను. 1765లో ఇంగ్లండులోని చాతమ్‌లో నీటిలోకి దిగిన ఆ ఓడ 104 ఫిరంగుల ఓడ. కిట్లలో కింది అంతస్తుల ఫిరంగులకు గొట్టాలు మాత్రమే బిగించే సౌలభ్యం ఉన్నా, పైకి కనిపించే ప్రతి ఫిరంగికీ ఒక బండి, నాలుగు చక్రాలు, వాటిని పట్టి ఉంచే తాళ్ళు, ఆ తాళ్ళకు బియ్యపు గింజంత గిలకలు చేయాలి. పదో బండి దగ్గర ఉత్సాహం, ఇరవయ్యో బండి దగ్గర ఓపిక అయిపోతాయి. ఆ తరువాత డబ్బా అటక ఎక్కుతుంది. సగంలో ఆగిన విక్టరీలు ఈ దేశంలో ఎన్ని అటకల మీద ఉన్నాయో లెక్క తీసేవారు లేరు గానీ, తీస్తే పూర్తయినవాటి కంటే అవే ఎక్కువ ఉంటాయన్నది నా గట్టి నమ్మకం.

విశాఖపట్నంలో ఒక ఓడల కర్మాగారం డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. నేను గీసినవన్నీ ఉక్కు ఓడలు. చెక్క ఓడల పిచ్చి పట్టింది మాత్రం కెనడాలో, హాలిఫాక్స్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు. అక్కడికి దగ్గరలో లునెన్‌బర్గ్ అనే పాత రేవు పట్టణం ఉంది. యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరిన ఊరు. 1921 మార్చి 26న అక్కడి స్మిత్ అండ్ రూలండ్ యార్డులో బ్లూనోస్ అనే రెండు స్తంభాల తెరచాప ఓడ నీటిలోకి దిగింది. కెనడా తూర్పు తీరం అవతల గ్రాండ్ బ్యాంక్స్ అనే సముద్ర ప్రాంతంలో కాడ్ చేపలు పట్టడానికి కట్టిన ఓడే అయినా, అదే ఏడాది అమెరికా మత్స్యకారుల ఓడను పందెంలో ఓడించి కప్పు గెలిచింది, ఆ తరువాత ఆ కప్పును ఎవరికీ వదలలేదు. 1937 నుంచి కెనడా పది సెంట్ల నాణెం మీద ఉన్న ఓడ అదే. చివరకు సరుకులు మోసే ఓడగా మారి, 1946 జనవరిలో హైతీ దగ్గర దిబ్బకు తగిలి పోయింది. 1963లో అదే యార్డులో కట్టిన బ్లూనోస్-2ను రేవులో చూసి, తిరుగు ప్రయాణంలో ఆ ఓడ కిట్ కొనుక్కుని వచ్చాను.

మీకు కూడా అలాంటి చేపల ఓడనే కొనమంటాను. ఫిరంగులు లేవు, బంగారు రంగు బొమ్మలు లేవు, స్తంభాలు రెండే, తెరచాపలు చాలావరకు ఓడ పొడవునా సాగేవే కనుక తాళ్ళ చిక్కు బాగా తక్కువ. అసలు ఓడ పొడవు 143 అడుగులు, వెడల్పు 27 అడుగులు. 1:64 కొలతలో, అంటే అసలులో అరవై నాలుగో వంతుగా కడితే, ముందుకు పొడుచుకు వచ్చే దూలం కాక, 27 అంగుళాలకు కాస్త తక్కువ పొడవు, అయిదు అంగుళాల పైచిలుకు వెడల్పు వస్తుంది. ఇంట్లో ఇల్లాలు అభ్యంతరం చెప్పని పరిమాణం.

కానీ దీన్ని సిఫారసు చేయడానికి నా అసలు కారణం వేరు. ఓడ అందమంతా తాళ్ళలోనూ తెరచాపల్లోనూ ఉందని అందరూ అనుకుంటారు. కాదు, ఓడ పొట్ట వంపులో ఉంది. యుద్ధనౌకలో పొట్ట వంకరను ఫిరంగుల వరసలు కప్పేస్తాయి, చేపల ఓడలో కప్పడానికి ఏమీ ఉండదు. ఆ పొట్ట రూపం పలకలు అంటించేటప్పుడు కూడా రాదు, అంతకు ముందే, ఎవరూ ఫొటో తీయని ఒక దశలో తేలిపోతుంది.

ఈ కిట్లలో ఓడ నడిమధ్యన నిలువుగా ప్లైవుడ్ వెన్నుపలక ఒకటి ఉంటుంది. దాని గాళ్ళలోకి అడ్డంగా చట్రాలు దిగుతాయి. ఆ చట్రాల అంచుల మీద సన్నని బద్దలను వంచి అంటిస్తే ఓడ ఒళ్ళు తయారవుతుంది. చట్రాలను యంత్రం నిటారుగా కోసి ఇస్తుంది, బద్ద మాత్రం ముక్కు దగ్గరా వెనక భాగం దగ్గరా వాలుగా వస్తుంది. అంచును ఆ వాలుకు తగ్గట్టు అరగదీయకపోతే బద్ద ఒక మొన మీదే ఆని, మిగతా మందమంతా గాలిలో ఉంటుంది. లేజర్‌తో కోసిన చట్రం అంచు మాడి నల్లగా ఉంటుంది, అదే మనకు కొండగుర్తు. ఓడ మధ్యభాగం వైపున్న అంచు మీది నల్లగీత చెరగకూడదు, కొనల వైపున్న అంచే అరగాలి. సన్నని చెక్కకు ఉప్పుకాగితం అంటించి, ఒక్కొక్క చట్రాన్ని విడిగా కాకుండా రెండు మూడింటి మీదుగా ఒకేసారి రుద్దాలి. నాకు తెలిసి సూచనల పుస్తకాలన్నీ ఈ పనిని ఒక్క వాక్యంలో దాటవేసి, ఆపైన జెండా ఎలా అంటించాలో ఒక పేజీ నిండా వివరిస్తాయి. వీడియోలైతే మరీ అన్యాయం: వారాల తరబడి సాగే రుద్దుడును సంగీతం వేసి అర నిమిషంలో పరుగెత్తిస్తారు, చూసినవాడు పని అంతేననుకుంటాడు.

ఈ దశలో ఉండగానే తాళ్ళరేవు నుంచి ఒక పడవల మేస్త్రి గారు మా ఇంట్లో దిగారు. ఆ ఊరు మా తోడల్లుడిది. కోరంగి పక్కనే. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడి, 1839 నవంబరు ఉప్పెనలో దెబ్బతిన్న కోరంగి పక్కన నేటికీ చెక్క పడవలు కట్టే పనివారు ఉన్నారంటే చాలామంది ఆశ్చర్యపోతారు. మేస్త్రి గారు కంటి ఆపరేషన్ కోసం కూతురితో కలిసి విశాఖ వచ్చారు. ఒక కంటికి పట్టీ, రెండో కన్ను కూడా అంతంత మాత్రమే. బల్ల మీద బోర్లించి ఉన్న చట్రాల వరసను ఆయన చూడలేదు, తడిమారు.

"ఇదేం చెక్కండి బాబుగారూ?" అని అడిగారు.

బాస్‌వుడ్ అని, చలిదేశపు మెత్తని చెక్క అని చెప్పాను.

"దీన్ని నీళ్ళలో దింపితే ఏమైపోద్దండి?"

"నీళ్ళలో దింపేది కాదండీ, గాజుపెట్టెలో పెట్టేది."

"దిగని ఓడకి ఇంత పని ఎందుకండి!" అని నవ్వి, అయినా చెయ్యి తీయలేదు. ఒక సన్నని బద్ద ఇమ్మని అడిగి, దాన్ని ముక్కు నుంచి వెనకకు చట్రాల మీదుగా వంచి, ఎడమచేతి వేళ్ళతో ఒక్కొక్క చట్రం దగ్గరా బద్ద కిందికి నొక్కుతూ వెళ్ళారు. ముందు నుంచి నాలుగో చట్రం దగ్గర ఆగారు. "ఇక్కడ పల్లం ఉందండి. అవతల పక్క చూడండి, అక్కడ మిట్ట ఉంటాది" అన్నారు. అవతలి పక్క ఆయన ఇంకా ముట్టుకోనేలేదు. బద్దను అటు పెట్టి చూస్తే, చెప్పినట్టే ఆ చట్రం మీద అది ఉబ్బి నిలబడింది.

ఒక పక్క పల్లం, రెండో పక్క మిట్ట ఉంటే దోషం చట్రానిది కాదు, దాన్ని పట్టుకున్న వెన్నుపలక పక్కకు వంగిందని అర్థం. వెన్నుపలక మీదుగా ముక్కు నుంచి వెనకకు బిగువుగా దారం లాగి కొలిచాను. వంపు ఒక మిల్లీమీటరు ఉంది. 1:64లో అది అసలు ఓడలో 64 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు. ఎక్కడో పొడి వాతావరణంలో కోసిన ప్లైవుడ్ మన సముద్రపు తేమలో ఒక వర్షాకాలం గడిపితే ఆమాత్రం వంగడం వింత కాదు. చట్రాలు అప్పటికే అతుక్కుని ఉన్నాయి కనుక ఊడదీయడం కుదరదు. మేస్త్రి గారు చెప్పిన మందు ఇది: పల్లం ఉన్న పక్కన, చట్రానికీ చట్రానికీ నడుమ, సందు కంటే వెంట్రుకంత ఎక్కువ పొడవున్న దిమ్మలు కోసి బిగించాలి. దిమ్మ రెండు చట్రాలనూ చెరో పక్కకు నెడుతుంది, వెన్నుపలక ఆ మేరకు నిటారవుతుంది. కంటికి దుమ్ము తగలకూడదని కూతురు కేకలు వేయడంతో ఆయన కుర్చీలోంచి చెబుతూ ఉంటే మా పాత కిటికీ టేకుముక్కను నేనే కోశాను. ప్రతి దిమ్మ దిగిన తరువాత దారం పట్టి చూడమనేవారు. మూడో దిమ్మతో దారం వెన్నుపలక గీత మీద పడింది. అప్పుడు ఆయన మళ్ళీ బద్ద అడిగి తీసుకుని, రెండు పక్కలా వంచి, ఏమీ అనకుండా టీ ఉందా అని అడిగారు.

ఉద్యోగం పొడవునా నేను వంకరలను కాగితం మీద అంకెలతో సరిచూసినవాణ్ణి. ఆ రోజు నుంచి నా బల్ల మీద ఏ చట్రాల వరస అయినా బద్దతోనూ వేళ్ళతోనూ పరీక్షించకుండా ముందుకు వెళ్ళలేదు. కళ్ళకు దీపం వెలుతురు అబద్ధం చెబుతుంది, బద్ద చెప్పదు.

చట్రాలు కుదిరితే పలకలు వేయడం మీరు భయపడేంత కష్టం కాదు. నడుము దగ్గర చట్రం చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. బద్దల సంఖ్య మాత్రం రెండు చోట్లా ఒకటే కనుక, ప్రతి బద్దనూ ముక్కు వైపు సన్నగా చిత్రిక పట్టాలి. ఎంత సన్నగా అన్నది ఒక కాగితపు పట్టీని ఆయా చట్రాల మీద చుట్టి కొలిచి, బద్దల సంఖ్యతో భాగిస్తే తెలుస్తుంది. బద్ద వెడల్పు సగానికి తగ్గే పరిస్థితి వస్తే అక్కడ రెండు బద్దలను ఒకదానిలో కలిపేయాలి. బద్దను గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, వంచి, బట్టల క్లిప్పులతో పట్టి ఉంచి, ఆరాకే జిగురు పెట్టాలి. తడి బద్దను అంటిస్తే ఎండాకాలంలో కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. చెక్కపనికి వాడే తెల్ల జిగురు చాలు. క్షణంలో అతుక్కునే జిగురును తాళ్ళ ముడులకు దాచుకోండి. అది పొరపాటున చెక్క మీద పడితే, చెక్కలోకి ఇంకే రంగు ఆ మరక మీద ఎక్కదు.

ఇంత పని చేసిన తరువాత ఇంటికి వచ్చినవారు అడిగేది ఒకటే: "ఎంతకు అమ్ముతారు?" దానికి సమాధానం చెప్పడం మానేశాను. ఇంకొక బాధ కూడా ఉంది. దుకాణాల జాబితాల్లో ఎటు చూసినా విక్టరీ, బౌంటీ, శాంటా మరియా. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే పార్సీ కుటుంబం వాడియాల చేతుల మీదుగా టేకుతో తయారై, నేటికీ ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో నీటి మీద తేలుతున్న ట్రింకోమలీ మన చేతిపని. అలాంటి ఓడకు పీట వేసిన దుకాణం నా కంట పడలేదు. బ్రిటన్‌లో ఓడలు కట్టే ఓక్ చెక్క కొరతగా ఉన్న కాలంలో వాళ్ళు మన టేకు మీద పడ్డారు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎక్కువగా యూరప్ ఓడలే.

కాలం గురించి అడిగారు. రోజూ ఒక గంట కూర్చునే ఓపిక ఉంటే రెండు స్తంభాల ఓడకు ఏడాది పైమాటే అనుకోండి. అదీ ఎక్కువనిపిస్తే డోరీ కిట్ తీసుకోండి. బ్లూనోస్ లాంటి ఓడల మీద గిన్నెలో గిన్నె పెట్టినట్టు పేర్చుకుని వెళ్ళి, సముద్రంలో దించి చేపలు పట్టిన చిన్న పడవలే డోరీలు. 1:24 కొలతలో దొరుకుతాయి. పలకలు కొన్నే ఉంటాయి, స్తంభం లేదు, తాళ్ళు లేవు, అయినా ఏటవాలు అరగదీయడం, బద్ద వంచడం, జిగురు ఆరేదాకా ఆగడం అన్నీ అందులో వస్తాయి. అది నచ్చితే పెద్దదానికి వెళ్ళండి.

కిట్ ఏదైనా, డబ్బా తెరవగానే వెన్నుపలకను అద్దం మీద పడుకోబెట్టి చూడండి. ఒక పక్క లేస్తే తడి గుడ్డతో తుడిచి, రెండు అద్దాల నడుమ బరువు పెట్టి పూర్తిగా ఆరేదాకా వదిలేయండి. చట్రాలు అంటించిన వెంటనే, వంపు కనబడినా కనబడకపోయినా, రెండు పక్కలా దిమ్మలు బిగించండి. గాజుపెట్టె ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి, మా ఊళ్ళో అది ఇంచుమించు కిట్ ధరకు దగ్గరగా వచ్చింది. ఈ పెట్టె చేయించేవరకు స్తంభాలు నిలబెట్టకండి. తాళ్ళ మీద పేరుకున్న దుమ్మును దులపడానికి పనికివచ్చే కుంచె ఇంతవరకు నాకు దొరకలేదు.