టెక్ సందేహాలు: సెంట్రిఫ్యూజ్‌లో ఎన్ని ఆర్‌పీఎం పెట్టాలి?

ప్రశ్న: సార్, సాయిల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా. నల్లరేగడి మట్టిలోంచి 2 మైక్రాన్ల లోపు క్లే మాత్రమే వేరు చెయ్యాలి. సీనియర్లు సెంట్రిఫ్యూజ్‌లో, అంటే ట్యూబుల్ని గిర్రున తిప్పే మెషీన్‌లో, 3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు), 10 నిమిషాలు పెట్టమన్నారు, పెడితే దాదాపు అంతా అడుక్కి పోతోంది, పైన నీళ్ళు తేటగా ఉంటున్నాయి. మెషీన్‌లో తేడానా, నా లెక్కలోనా?

జవాబు: మెషీన్ బాగానే ఉంది, ఆ సెట్టింగే మీ పనికి చాలా ఎక్కువ. ఆర్‌పీఎం ఒక్కటే చెప్తే సరిపోదండీ, ట్యూబ్ ఇరుసుకి ఎంత దూరంలో తిరుగుతోంది, నీళ్ళ మట్టం ఎక్కడుంది, నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయి, ఇవన్నీ కలిస్తేనే ఏ సైజు కిందికి దిగుతుందో తేలుతుంది.

మీది స్వింగవుట్ రోటర్ అనుకుంటున్నా. తిరిగేటప్పుడు ట్యూబులు అడ్డంగా లేస్తాయి కాబట్టి ప్లగ్ పీకేసి, ట్యూబ్‌ని చేత్తో అలాగే అడ్డంగా పట్టుకుని, ఇరుసు మధ్య నుంచి నీళ్ళ మట్టం గీత దాకా ఒకసారి, ట్యూబ్ అడుగు దాకా ఇంకోసారి కొలవండి. 10, 16 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం.

ఇప్పుడు ఎక్సెల్‌లో 630 కోట్లని నీటి చిక్కదనంతో, అంటే 20 డిగ్రీల దగ్గర 0.01 పాయిజ్, దాంతో గుణించి, 16/10 కి లాగ్ తీసి దాంతోనూ గుణించి, మొత్తాన్ని ఆర్‌పీఎం స్క్వేర్, మైక్రాన్ల స్క్వేర్, 1.65 ఈ మూడింటితో భాగిస్తే, ఆ సైజు కంటే పెద్ద కణాలు అడుక్కి దిగి క్లే పై నీళ్ళలో మిగలడానికి పట్టే నిమిషాలు వస్తాయి. 1.65 అంటే మట్టి కణం సాంద్రత 2.65 లోంచి నీటిది 1 తీసేయగా మిగిలింది. లాగ్ అంటే ఇక్కడ 10 బేస్, ఎక్సెల్‌లో మామూలుగా అదే వస్తుంది, పైథాన్‌లో మాత్రం ఉత్త లాగ్ అని కొడితే నేచురల్ లాగ్ వచ్చి జవాబు 2.3 రెట్లు పెరిగిపోతుంది, జాగ్రత్త.

750 ఆర్‌పీఎం, 2 మైక్రాన్లు వేసి చూడండి, సుమారు మూడున్నర నిమిషాలు. అదే మన ఎండల్లో నీళ్ళు 30 డిగ్రీలుంటే చిక్కదనం 0.008 కి తగ్గి 2 నిమిషాల 46 సెకన్లే చాలు. మీ సీనియర్ల సెట్టింగ్ ఇదే ఫార్ములాలో పెడితే 0.3 మైక్రాన్ సైజు దాకా కణాలు దిగిపోతాయని వస్తోంది, మీక్కావాల్సిన క్లేలో చాలా భాగం అందుకే అడుక్కి పోయింది.

ఇంకో ముఖ్యమైన విషయం, స్పీడ్ అందుకోడానికి ఒక నిమిషం, ఆగడానికి ఒక నిమిషం పడితే వాటిలో మూడో వంతు చొప్పున, మొత్తం 40 సెకన్లు, ఫుల్ స్పీడ్ టైమ్‌లోంచి తీసెయ్యాలి. అంటే 30 డిగ్రీల దగ్గర ఫుల్ స్పీడ్ మీద 2 నిమిషాల 6 సెకన్లే. ఆగేటప్పుడు బ్రేక్ గట్టిగా వెయ్యకండి, అడుగున దిగింది మళ్ళీ లేస్తుంది.

ఒక్కసారితో పని అయిపోదు, మొదట్లోనే అడుగు దగ్గరున్న సన్న కణాలు కూడా ముద్దలో చిక్కుకుంటాయి. క్లే ఉన్న పై నీళ్ళు వేరే సీసాలోకి వంపేసి, ముద్దలో మళ్ళీ అదే గీత దాకా నీళ్ళు పోసి బాగా కలిపి, పై నీళ్ళు తేటగా వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. ముందే హెక్సామెటాఫాస్ఫేట్ కలిపి గడ్డలు విడగొట్టారా? అది చెయ్యకపోతే ఈ లెక్కంతా గడ్డల సైజుకే పనికొస్తుంది, క్లేకి కాదు.