బిల్లుకి ఫోన్ నంబర్ ఎందుకండీ?

ప్రశ్న: మేడమ్, మాది ఎంవీపీ కాలనీ. పండక్కి జగదాంబ దగ్గర ఒక షాపులో చీరలు తీసుకున్నాం. నంబర్ చెప్పకపోతే సిస్టమ్‌లో బిల్లు రాదన్నాడు కౌంటర్ అబ్బాయి. వెనక లైన్ పెద్దగా ఉందని చెప్పేశాను. అప్పట్నుంచి భోగాపురం ఎయిర్‌పోర్ట్ పక్కన ప్లాట్లు ఉన్నాయి కొనండంటూ రోజూ ఒకటే కాల్స్. కొత్త డేటా చట్టం వచ్చిందంటున్నారు కదా, దాని కింద కేసు వేయొచ్చా?

జవాబు: బిల్లు రాదన్నది ఉత్త సాకమ్మా. ఇవ్వను అని గట్టిగా అంటే ఆ అబ్బాయే ఆ గడిలో పది తొమ్మిదులు కొట్టేసి బిల్లు తీసిచ్చేస్తాడు, కావాలంటే ఈసారి చూడండి.

ఇక చట్టం సంగతి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో పాసైంది, రూల్స్ మాత్రం 2025 నవంబర్‌కి గానీ రాలేదు, వచ్చాక కూడా కంపెనీలు, షాపులు సర్దుకోడానికని 18 నెలలు టైమిచ్చారు, అంటే అసలు బాధ్యతలన్నీ మొదలయ్యేది 2027 మేలో. నిశ్చితార్థం అయిపోయింది, ముహూర్తమే దూరంగా పెట్టారు. సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలు కూర్చుని ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పింది 2017లో, ఇన్నేళ్లు ఆగింది చాలక ఇంకా గడువేంటో నాకైతే మింగుడుపడట్లేదు.

అమల్లోకి వచ్చాక జరిగే ఇలాంటి కేసు మాత్రం బలంగానే ఉంటుంది. బిల్లు మెసేజ్ కోసమని మీరు నంబర్ ఇస్తే దాన్ని బిల్లుకే వాడాలి, ప్లాట్లు అమ్మేవాడి చేతిలో పెట్టాలంటే మళ్లీ మిమ్మల్ని అడగాల్సిందే. ఏ డేటా తీసుకుంటున్నారో ఎందుకో ముందే చెప్పాలి, మీరు కావాలంటే తెలుగులో కూడా చెప్పాలి. ఒప్పుకోవడం ఎంత ఈజీగా ఉందో వెనక్కి తీసుకోవడం కూడా అంతే ఈజీగా ఉండాలి, ఒక టిక్‌తో ఎస్ అనిపించుకుని వద్దంటే మాత్రం హెడ్డాఫీసుకి లెటర్ రాయండి అంటే కుదరదు.

ఈలోపు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నంబర్ ఇవ్వకపోతే అమ్మం అనడం తప్పని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే చెప్పింది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి. కాల్స్ గోలకి 1909లో డీఎన్‌డీ, అంటే యాడ్ కాల్స్ వద్దనే ఆప్షన్, పెట్టుకోండి.

ప్రశ్న: మధురవాడలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వచ్చినవాళ్ల పేరు, నంబర్ పుస్తకంలో రాయించుకుంటున్నారు. ఇదీ ఆ చట్టం కిందకి వస్తుందా సార్?

జవాబు: సార్ కాదు, మేడమ్! పుస్తకంలోనే ఉండిపోతే రాదండి, అదే యాప్‌లోకో ఎక్సెల్‌లోకో ఎక్కిస్తే వస్తుంది. చట్టం పేరులోనే డిజిటల్ ఉంది కదా. ఆధార్ జిరాక్స్ కూడా అడుగుతుంటే మాత్రం మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆఖరి 4 అంకెలే కనపడతాయి.

ప్రశ్న: మా అమ్మాయికి 16. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫ్రీ డెమో అని ఫారం నింపింది, ఇప్పుడు ఎక్కడెక్కడి కాలేజీలూ పిల్లకే డైరెక్ట్‌గా ఫోన్లు చేస్తున్నాయి.

జవాబు: ఈ చట్టం లెక్కలో 18 నిండేదాకా పిల్లే. 2027 మే తర్వాత అమ్మానాన్నల ఒప్పుకోలు తీసుకుని, అది నిజంగా వాళ్లదేనని సరిచూసుకోవాలి, పిల్లల్ని టార్గెట్ చేసి యాడ్స్ వేయకూడదు కూడా. విద్యాసంస్థలకి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ అవి చదువుకీ, పిల్లల భద్రతకీ సంబంధించినంతవరకే, లిస్టులు చేతులు మారడానికి కాదు. ఇప్పటికి ఆ సెంటర్‌కి మా వివరాలు తీసేయండి అని మెయిల్ పెట్టండి, నోటిమాట వద్దు. ఇకముందు ఫారాల్లో మీ నంబర్ రాయమనండి.

ప్రశ్న: మా నాన్నగారి స్కాన్ రిపోర్ట్ ల్యాబ్ వాళ్లు ఎవరికో వాట్సాప్ చేసేశారు. 250 కోట్ల ఫైన్ అంట కదా, మాకేమైనా వస్తుందా?

జవాబు: రాదండి! డేటాని సరిగ్గా కాపాడకపోతే గరిష్ఠంగా 250 కోట్లు, కానీ అదంతా కేంద్ర ఖజానాకే, నష్టపోయినవాళ్లకి పైసా రాదు. ఈ చట్టంలో నాకు అస్సలు నచ్చనిది ఇదే. పైగా తప్పుడు కంప్లైంట్ పెడితే మన మీదే 10 వేల దాకా ఫైన్ ఉంది.

అయితే మీకు ఇంకో దారి ఉంది. పాత ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ అని ఒకటుంది, ఆరోగ్య వివరాల్లాంటివి నిర్లక్ష్యంగా ఉంచి ఎవరికైనా నష్టం చేస్తే కంపెనీ పరిహారం కట్టాలి. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి రాగానే అది ఎగిరిపోతుంది, అప్పటిదాకా మాత్రం బతికే ఉంది. 5 కోట్లలోపు క్లెయిమ్ అయితే రాష్ట్ర ఐటీ కార్యదర్శి దగ్గర వేయాలి, మీకు ఏం నష్టం జరిగిందో చూపించాలి. ఆ వాట్సాప్ స్క్రీన్‌షాట్, ల్యాబ్ బిల్లు పారేయకండి, ఒక లాయర్‌ని త్వరగా కలవండి.