దగ్గు మీద చదువుకు కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడాది లైఫ్ సైన్సెస్ చదువుతున్నాను. మెదడు కాండం దగ్గును ఎలా పుట్టిస్తుందో క్లాసులో విన్నప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ఇంట్లో చెబితే "దగ్గు మీద చదువేంటి, సిరప్ తాగితే పోతుంది కదా" అని నవ్వుతున్నారు. డాక్టర్ కాకుండా ఈ రంగంలోకి వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. అయితే ముందు సిరప్ సంగతి చూద్దాం. మామూలు జలుబుతో వచ్చే దగ్గుకు షాపులో అమ్మే సిరప్‌లు డమ్మీ మందు కంటే బాగా పనిచేస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు. చిత్రమేమిటంటే, ట్రయల్స్‌లో డమ్మీ మందు తాగినవాళ్లకు కూడా దగ్గు బాగానే తగ్గుతుంది. అంటే దగ్గు గొంతులో మొదలై గొంతులోనే తేలిపోయే వ్యవహారం కాదు, అందులో మెదడుకూ చాలా పాత్ర ఉంది. ఈ ఒక్క మాట ఇంట్లో చెప్పి చూడండి.

మిమ్మల్ని పట్టుకున్న విషయం కూడా ఇదే అనుకుంటాను. స్వరపేటికలో, శ్వాసనాళంలో ఉన్న నాడీకొనలకు ఏదైనా తగిలితే ఆ కబురు వేగస్ నాడి గుండా మెదడు కాండం అడుగు భాగమైన మెడుల్లాలో, ఎన్‌టీఎస్ అనే కేంద్రకానికి (నాడీకణాల గుంపుకి) చేరుతుంది. పుస్తకాల్లో ఆ తర్వాత ఒక బాణం గీసి 'దగ్గు' అని రాసేస్తారు. అసలు కథంతా ఆ బాణంలో ఉంది. మెడుల్లాలో దగ్గు కోసమే విడిగా కూర్చున్న యంత్రం ఏదీ ఉన్నట్టు కనిపించదు. రోజంతా ఊపిరి నడిపించే నాడుల అల్లికే కాసేపు తన తీరు మార్చుకుని దగ్గును నడిపిస్తుంది. ముందు లోతుగా గాలి పీలుస్తాం. తర్వాత స్వరతంత్రులు మూసుకుంటాయి, పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. సెకనులో ఐదో వంతు గడిచేసరికి తలుపు తెరుచుకుని గాలి దూసుకొస్తుంది. ఆ వెంటనే అదే అల్లిక మళ్లీ మామూలు ఊపిరికి తిరిగిపోతుంది. (ఈ అల్లికలో బోట్జింగర్ కాంప్లెక్స్ అనే భాగం ఉంది. ఆ పేరు ఒక వైన్ సీసా మీది లేబుల్ నుంచి వచ్చింది. శాస్త్రవేత్తలూ మనుషులే.)

ఉద్యోగాలు పుట్టేది కూడా ఈ చిక్కులోంచే. ఊపిరినీ దగ్గునూ నడిపేది ఒకే అల్లిక అయితే, ఒకదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని అణచడం ఎలా? మెదడు మీద పనిచేసి దగ్గును అణచే కోడీన్ లాంటి మందుల డోసు ఎక్కువైతే ఊపిరే మందగిస్తుంది. అందుకే కొందరు మెదడును వదిలేసి, శ్వాసనాళంలోని నాడీకొనల దగ్గరే కబురును ఆపాలని చూశారు. అలా వచ్చిన గెఫాపిక్సాంట్ అనే మందును జపాన్ 2022లో అనుమతించింది, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాత్రం 2023లో కాదంది. ఆ మందు వాడినవాళ్లలో చాలామందికి నాలుక రుచి మారిపోయింది, ఎందుకంటే అది అడ్డుకునే గ్రాహకం (కబురును అందుకునే ప్రోటీన్) రుచి నాడుల్లోనూ ఉంటుంది. ఇలాంటి సమస్యల మీద ఫార్మకాలజీ చదివినవాళ్లు పనిచేస్తారు.

బాణంలోనే ఉండిపోవాలనుంటే న్యూరోఫిజియాలజీలో పీజీ, ఆపైన పీహెచ్‌డీ చేయాలి. ఇక్కడ ఒక మాట దాచను. ఈ జ్ఞానంలో చాలా భాగం మత్తులో ఉన్న పిల్లులు, గినీపందుల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. మీ చేతులు అందుకు ఒప్పుకుంటాయా అన్నది పీహెచ్‌డీలో చేరాక కాదు, ఇప్పుడే తేల్చుకోండి. ఒప్పుకోకపోతే సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఇదే అల్లికను కంప్యూటర్ మోడల్‌గా కట్టేవాళ్లున్నారు. లెక్కలంటే భయం లేకపోతే అది మంచి దారి.

మనుషులతో పనిచేయాలనుంటే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ గురించి తెలుసుకోండి. పక్షవాతం వచ్చినవాళ్లలో దగ్గు బలహీనపడితే, తిన్నదీ తాగినదీ ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. మింగడం, దగ్గడం ఎలా ఉన్నాయో పరీక్షించి శిక్షణ ఇచ్చేది వీళ్లే. ఎంత కాలమైనా తగ్గని దగ్గును మాటలతో, సాధనతో అదుపులోకి తెచ్చే చికిత్స కూడా వీళ్ల చేతుల్లోనే ఉంది. నన్నడిగితే, ఈ దారికి రావాల్సినంత పేరు రాలేదు. రెస్పిరేటరీ థెరపీ, ఫిజియోథెరపీ ఎలాగూ ఉన్నాయి.

దగ్గు పేరుతో కోర్సు వెతికితే దొరకదు, టెన్షన్ పడకండి. 'శ్వాస నియంత్రణ', 'శ్వాసమార్గ రక్షణ' అన్న మాటలకు ఇంగ్లిష్‌లో ఏమంటారో చూసి, వాటితో ల్యాబ్‌లు వెతకండి. ఈ సెలవుల్లో ఒక ల్యాబ్‌లో రెండు వారాలు, ఒక స్పీచ్ థెరపిస్ట్ దగ్గర రెండు వారాలు కూర్చునే వీలుందేమో అడగండి. మెయిల్‌లో మార్కుల జాబితా కంటే ముందు, క్లాసులో ఆ బాణం చూసినప్పుడు మీకు వచ్చిన సందేహం రాయండి.