ఫోను నుంచి ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

కొత్త ఇంటికి నెట్ కనెక్షన్ వచ్చేదాకా ఫోను నుంచే ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చుకుంటున్నానని, మెయిళ్లు తప్ప ఏమీ చూడకపోయినా రోజు డేటా ఒక్క పూటలో అయిపోతోందని రాశావు. పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయిందేమోనన్న నీ అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. నాకు ముందుగా అనుమానం వచ్చేది నీ ల్యాప్‌టాప్ మీదే.

వైఫై దొరకగానే ల్యాప్‌టాప్ దాన్ని ఎంత వాడినా తరగని కనెక్షన్‌గా లెక్కేసుకుంటుంది. వెనక ఉన్నది జీబీల లెక్కన వచ్చే ఫోను డేటా అని చాలాసార్లు దానికి తెలియదు. నువ్వు మెయిల్ చదువుతున్నంతసేపూ విండోస్ అప్‌డేట్లు దిగుతుంటాయి, ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కుతుంటాయి, ఎప్పుడో వేసుకుని మరిచిపోయిన యాప్‌లు కొత్త వెర్షన్లు తెచ్చుకుంటుంటాయి. ఇది కొలిచి ఇచ్చే నెట్ అని దానికి మనమే చెప్పాలి. విండోస్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’ తెరిచి, నీ హాట్‌స్పాట్ (అంటే ఫోను ఇచ్చే వైఫై) వివరాల్లోకి వెళ్తే ‘మీటర్డ్ కనెక్షన్’ అని కనిపిస్తుంది. దాన్ని ఆన్ చెయ్యి. మ్యాక్‌లోనూ ఐప్యాడ్‌లోనూ ఇదే పనికి ‘లో డేటా మోడ్’ ఉంది. అయితే అన్ని యాప్‌లూ ఈ మాట వింటాయన్న భరోసా లేదు. కాబట్టి ఫోటోలు, ఫైళ్లు క్లౌడ్‌లో దాచే యాప్‌ను నువ్వే ఆపిపెట్టు. వీడియో చూడాలనిపిస్తే నాణ్యత తగ్గించుకుని చూడు. హెచ్‌డీలో గంటసేపు సినిమా చూస్తే 3 జీబీ దాకా పోవచ్చు.

ఇక ఎలా కలపాలన్న విషయం. అందరూ హాట్‌స్పాట్ ఒక్కటే దారి అనుకుంటారు. నీకున్నది ఒక్క ల్యాప్‌టాప్, కూర్చునేదీ ఒకే బల్ల దగ్గర. నన్నడిగితే కేబుల్ పెట్టుకోమంటాను. యూఎస్‌బీ టెథరింగ్‌లో, అంటే కేబుల్‌తో ఫోను నెట్ ల్యాప్‌టాప్‌కు ఇచ్చే పద్ధతిలో, కనెక్షన్ నిలకడగా ఉంటుంది, ఫోను చార్జింగ్ కూడా అవుతుంది, పక్కవాళ్లు చొరబడే వీలుండదు. ముందు కేబుల్ గుచ్చి, ఆ తర్వాత ఫోను సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యాలి. కేబుల్ పెట్టనంతవరకు ఆ మీట వెలిసిపోయినట్టు ఉండి, నొక్కినా పలకదు. పెట్టాక కూడా అలాగే ఉంటే, ఫోను మాత్రం చార్జింగ్ అవుతుంటే, సెట్టింగ్స్ అన్నీ తిరగేయకుండా ముందు కేబుల్ మార్చి చూడు. కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. బయటికి చూస్తే ఆ తేడా కనిపించదు, పాపం చాలామంది ఫోనునే అనుమానిస్తారు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. కేబుల్‌తో కలిపినప్పుడు విండోస్ దాన్ని వైఫైగా కాకుండా ఈథర్‌నెట్‌గా, అంటే తీగతో వచ్చే వేరే కొత్త నెట్‌వర్క్‌గా చూస్తుంది. నువ్వు వైఫైకి పెట్టిన మీటర్డ్ గుర్తు దీనికి వర్తించదు. ఈథర్‌నెట్ కింద మళ్లీ పెట్టుకోవాలి. ఇది తప్పకుండా గుర్తుంచుకో.

బ్లూటూత్‌తోనూ నెట్ ఇవ్వవచ్చు. బ్యాటరీ తక్కువ తింటుంది, వేగమూ తక్కువే. మెయిళ్లకూ మెసేజ్‌లకూ చాలు.

టాబ్లెట్ కూడా కలపాలంటే హాట్‌స్పాట్ పెట్టక తప్పదు. అప్పుడు పాస్‌వర్డ్ విషయంలో మొహమాటం వద్దు. కనీసం 8 అక్షరాలు ఎలాగూ ఉండాలి, నువ్వు ఇంకా పొడుగ్గా పెట్టు. ఫోను నంబరు, పుట్టినరోజు లాంటివి వద్దు. సెక్యూరిటీని ‘ఓపెన్’లో వదలకుండా పాస్‌వర్డ్ అడిగే రక్షణ పద్ధతులైన డబ్ల్యూపీఏ2గానో డబ్ల్యూపీఏ3గానో ఉంచు. ఎవరైనా దూరితే పోయేది డేటా ఒక్కటే కాదు. వాళ్లు ఆ నెట్‌తో ఏం చేసినా బయటికి నీ కనెక్షన్ మీద జరిగినట్టే కనబడుతుంది. హాట్‌స్పాట్ పేరులో నీ పేరు కూడా ఉండనివ్వకు. ఎవరెవరు కలిశారో ఫోనులోనే చూసుకోవచ్చు. తెలియని పరికరం కనిపిస్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చెయ్యి.

పాత టాబ్లెట్‌కు హాట్‌స్పాట్ అసలు కనిపించకపోతే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను (వైఫై వాడే తరంగాల శ్రేణిని) 5 గిగాహెర్ట్జ్ నుంచి 2.4కు మార్చు. 5లో వేగం ఎక్కువ, 2.4 గోడలు దాటి ఎక్కువ దూరం పోతుంది, పాత పరికరాలకు తెలిసింది కూడా అదే. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేస్తే ఇదే పని జరుగుతుంది.

హాట్‌స్పాట్ పెట్టినప్పుడు ఫోనును ల్యాప్‌టాప్ పక్కనే ఉంచాల్సిన పని లేదు. గదిలో మొబైల్ సిగ్నల్ బాగా అందే చోట, కిటికీ దగ్గర, ఎండ తగలకుండా పెట్టు. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోను దాన్ని అందుకోవడానికి ఎక్కువ శ్రమపడి వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా గబగబా దిగిపోతుంది. కవర్ తీసెయ్యి. దిండు కింద, దుప్పటి మీద మాత్రం పెట్టకు.

ఆఫీసు పనికి వీపీఎన్ (నెట్‌లో వెళ్లే సమాచారాన్ని రహస్యంగా పంపే ఏర్పాటు) కావాలంటే ల్యాప్‌టాప్‌లోనే వేసుకో. ఆండ్రాయిడ్ ఫోనులో ఆన్ చేసిన వీపీఎన్ మామూలుగా హాట్‌స్పాట్‌తో కలిసిన పరికరాలకు వర్తించదు. నీ ప్లాన్ వివరాలు కూడా ఒకసారి చదువు. కొన్ని ప్లాన్లలో ఫోనులో వాడే డేటాకు ఒక పరిమితి, హాట్‌స్పాట్‌కు ఇంకో పరిమితి ఉంటాయి.

ఇవన్నీ చేశాక ఒక రోజు మామూలుగా పని చేసుకుని, రాత్రికి ఫోనులో డేటా వాడకం తెరిచి చూడు. హాట్‌స్పాట్, టెథరింగ్ వాటా అక్కడ విడిగా కనిపిస్తుంది. ఇంకా ఎక్కువగానే ఉంటే విండోస్‌లో ‘డేటా యూసేజ్’ చూడు. ఏ యాప్ ఎంత తిన్నదో పేరుతో సహా ఉంటుంది. అన్నిటికంటే పైన ఏ పేరుందో నాకు రాయి, దాన్నెలా ఆపాలో చెబుతాను.

నీ మామయ్య