టెక్ సందేహాలు: తొమ్మిది వేలకి ఏ స్పీకర్లు?

ప్రశ్న: మా 2.1 కంప్యూటర్ స్పీకర్లు (రెండు చిన్న పెట్టెలు, కింది శబ్దాలకి ఒక ఊఫర్ పెట్టె) కొని పదేళ్లు దాటింది. ఎడమవైపుది మూగబోయింది. పాట పెట్టకపోయినా ఊఫర్ గుయ్‌మంటోంది. షాపులో అడిగితే బ్లూటూత్, ఎఫ్‌ఎం, రంగుల లైట్లు ఉన్న 5.1 సెట్టు (అయిదు పెట్టెలు, ఒక ఊఫర్) చూపిస్తున్నారు. తొమ్మిది వేల దాకా పెట్టగలను. గది పది బై పదకొండు. పగలు ఘంటసాల పాటలు, కచేరీలు, రాత్రి సినిమాలు. ఏది తీసుకోమంటారు?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కొనేముందు పాతవాటికి ఒక పది నిమిషాలు ఇవ్వండి. స్విచ్ ఆపి, ఊఫర్ పెట్టె వెనక కుడి, ఎడమ స్పీకర్ల పిన్నులు అటుది ఇటు, ఇటుది అటు మార్చి గుచ్చండి. అప్పుడూ ఆ స్పీకరే పలకకపోతే లోపం దానిదో దాని వైరుదో. ఈసారి రెండోది మూగబోయిందా, స్పీకర్లు రెండూ బాగున్నట్టే. యాంప్లిఫయర్‌నో, కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్‌నో అనుమానించాలి. కేబుల్ పిన్ను వేళ్లతో మెల్లగా తిప్పుతుంటే శబ్దం వచ్చిపోతుంటే అక్కడే లోపల వైరు తెగింది. వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు గరగరలాడుతూ ఒక పక్క వస్తూ పోతూ ఉంటే నాబ్ లోపల దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో చాలావరకు పోతుంది.

ఇక గుయ్ సంగతి. ఇన్‌పుట్ కేబుల్ పీకేసి, వాల్యూమ్ సున్నా చేసి వినండి. అయినా ఆగకపోతే పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివయ్యాయి. చిన్న డబ్బాల్లా ఉంటాయి, తల బల్లపరుపుగా ఉండాలి, పూరీలా ఉబ్బితే పోయినట్టే. మన ఎండలకి లోపలి ద్రవం త్వరగా ఇంకిపోతుంది. కొత్తవి వేసేటప్పుడు మైక్రోఫారడ్లు పాతవాటికి సమానం, వోల్టేజి అంతే లేదా అంతకు పైన, 105 డిగ్రీల రకం అని మెకానిక్‌కి చెప్పండి. మీరు మాత్రం పెట్టె విప్పకండి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది.

కేబుల్ పీకగానే గుయ్ ఆగిందంటే కేబుల్ లోపమన్నా అయ్యుండాలి, ఎర్తింగ్ గొడవన్నా అయ్యుండాలి. ఎర్తింగ్ గొడవైతే కొత్త స్పీకర్లు కొన్నా అది వెంటే వస్తుంది! సీపీయూ, మానిటర్, స్పీకర్లు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, ఆడియో కేబుల్ మధ్యలో పెట్టాలి. ఎర్త్ పిన్ను తీసేస్తే శబ్దం పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి, అది ప్రాణం మీదికొచ్చే పని.

కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచు ముట్టుకుంటే పొడి రాలుతోందా? అప్పుడు రిపేరు ఆశ వదులుకుని కొత్తవి కొనుక్కోవచ్చు.

కొనాల్సి వస్తే 5.1 వద్దు. తొమ్మిది వేలని ఆరు పెట్టెలకు పంచితే ఒక్కోదానికి ఏం మిగులుతుంది? పైగా చాలా చవక సెట్ల వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు ఒక జత మాత్రమే ఉంటాయి. అంటే లోపలికి వెళ్లేది రెండు చానెళ్లే. దాన్నే అన్ని పెట్టెల్లోంచీ వినిపిస్తారు. కంప్యూటర్ నుంచి అసలు సిసలు 5.1 రావాలంటే ఆకుపచ్చ, నలుపు, నారింజ రంగుల పిన్నులు మూడూ పెట్టాలి, లేదా సెట్టులోనే చానెళ్లని విడదీసే డీకోడర్ ఉండి ఆప్టికల్, హెచ్‌డీఎంఐ లాంటి సాకెట్లుండాలి. ఘంటసాల పాటలంటారా, అవి మోనో కాలం నాటివి. అయిదు పెట్టెల్లో విన్నా అదే పాట.

మీకు తగినవి 2.0, అంటే ఊఫర్ పెట్టె లేకుండా రెండే రెండు చెక్క పెట్టెలు. ఒక్కోదాంట్లో నాలుగంగుళాల డ్రైవర్ (శబ్దం చేసే కోన్), దానిపైన సన్నని శబ్దాలు పలికే ట్వీటర్ ఉండాలి. కారణం ఉంది. చవక 2.1లో పక్క స్పీకర్లు రెండు మూడంగుళాలవి, కిందిస్థాయి శబ్దం పలకలేవు. ఊఫరేమో అట్టడుగు దగ్గర దబదబలాడుతుంది. ఈ రెంటి మధ్య ఖాళీ పడేచోటే మగ గొంతులోని గాంభీర్యం ఉంటుంది. ఎడిఫయర్ ఆర్1280టీ ఈ రకానికి మంచి ఉదాహరణ: నాలుగంగుళాల డ్రైవర్లు, మొత్తం 42 వాట్లు, పక్కన బేస్, ట్రెబుల్ నాబ్‌లు. రేటు షాపుకో రకంగా ఉంటుంది, బేరమాడండి. సినిమాలో బాంబు పేలితే నేల అదరదు, నిజమే. అపార్ట్‌మెంట్లో కింది ఇంటివాళ్లు సంతోషిస్తారు. అదురు కూడా కావాలంటే సబ్ అవుట్ సాకెట్ ఉన్న మోడల్ వెతకండి, ఊఫర్ తర్వాత కలుపుకోవచ్చు.

అట్టపెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని వేల వాట్లు కనిపిస్తే నవ్వేసి ఊరుకోండి. ఆర్‌ఎంఎస్ అంకె, అంటే నిలకడగా ఇచ్చే శక్తి, చూడాలి. దాన్నీ నమ్మబుద్ధి కాకపోతే అడాప్టర్ తిప్పి చదవండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే గుణించండి: 24 వాట్లు. అంతకు మించి నిలకడగా ఇవ్వడం ఎవరి తరమూ కాదు. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. దాన్నుంచే కరెంటు తీసుకునే స్పీకర్లకి అదే హద్దు. మూడడుగుల దూరంలో కూర్చునేవాళ్లకి ఒక్కో పక్క నిజమైన పది వాట్లు చాలు. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కాస్త తేడా అంతే.

షాపుకి మీకు బాగా తెలిసిన కచేరీ ఒకటి ఫోన్‌లో పెట్టుకెళ్లండి. మృదంగం తొప్పి (ఎడమ ముఖం) మీద గుమ్కి వేసినప్పుడు ఆ నాదం కింది నుంచి పైకి జారడం వినపడాలి. ప్రతి దెబ్బా ఒకే ‘దబ్’ అయితే ఆ పెట్టె వద్దు. రెండిటిని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టించండి, లేకపోతే గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

ఇంట్లో పెట్టే తీరు కూడా ముఖ్యం. గోడ గూట్లోకి తోస్తే బేస్ ఉబ్బుతుంది. గోడకి ఒక జానెడు దూరంలో, రెంటి మధ్య ఎంత దూరమో మీ తలకీ అంతే ఉండేట్టు, ట్వీటర్లు చెవి ఎత్తులో పెట్టండి. బల్ల మరీ కిందికుంటే పెట్టెల ముందు అంచు కింద రబ్బరు ముక్కలు పెట్టి మీవైపు ఎత్తండి.

ప్రశ్న: డెస్క్‌టాప్‌లో సినిమా పెడితే పాటలు హోరెత్తుతాయి, మాటలు మాత్రం బావిలోంచి వచ్చినట్టున్నాయి. స్పీకర్లు రెండే. మార్చాలా?
– పటమట, విజయవాడ

జవాబు: అక్కర్లేదు, సెట్టింగ్ చూడండి. 5.1 సినిమాలో మాటలు ఎక్కువగా మధ్య చానెల్‌లో ఉంటాయి. విండోస్ మీ దగ్గర ఆరు స్పీకర్లున్నాయనుకుంటే ఆ చానెల్‌ని ఏమీ పెట్టని సాకెట్‌కి పంపేస్తుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’ తెరిచి, ప్లేబ్యాక్ కింద మీ స్పీకర్లు ఎంచుకుని, ‘కాన్ఫిగర్’ నొక్కి స్టీరియో చేయండి. అప్పటికీ మాటలు తగ్గి యుద్ధాలు హెచ్చితే అక్కడే ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ కింద ‘లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్’ పెట్టండి. ఆ ట్యాబ్ ఉండటం, లేకపోవడం కంప్యూటర్‌లోని సౌండ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. పాటలు వినేటప్పుడు ఈక్వలైజేషన్ తీసేయండి, హెచ్చుతగ్గుల్ని చదును చేసేస్తుంది.

ప్రశ్న: స్పీకర్లని బ్లూటూత్‌తో కలిపితే సినిమాలో పెదాలకీ మాటలకీ పొంతన కుదరడం లేదు.
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: బ్లూటూత్‌లో ఆ ఆలస్యం మామూలే. వీఎల్‌సీ ప్లేయర్‌లో చూస్తుంటే జె, కె కీలతో 50 మిల్లీసెకన్ల చొప్పున శబ్దాన్ని ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. బల్ల మీదే ఉండే స్పీకర్లకి మాత్రం 3.5 ఎంఎం వైరు పెట్టేసుకోండి.