పాఠకుల ప్రశ్నలు: మళ్లీ ఆ ఇంటికే వెళ్లారా?

ప్రశ్న: నేను ఎం.ఏ. అర్థశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం జాతీయ నమూనా సర్వే వారి కుటుంబ వినియోగ వ్యయ సర్వేలు రెండింటిని, 2011-12 నాటిదీ 2022-23 నాటిదీ, తీసుకుని తెలుగు ప్రాంతాల కుటుంబాల వివరాలన్నీ ఒకే ఫైలులో చేర్చాను. కుటుంబాలూ ఉన్నాయి, సంవత్సరాలూ ఉన్నాయి గనుక ఇది ప్యానెల్ డేటా అని రాశాను. మా గైడు కాదని కొట్టేశారు గానీ కారణం చెప్పలేదు. ఇంతకీ ఇది ఏ రకం?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ గైడు కొట్టేయడం సరైనదే. ఒకే కుటుంబాలను వేర్వేరు కాలాల్లో మళ్లీ మళ్లీ అడిగి రాసుకున్నదే ప్యానెల్ డేటా. ఫైలులో సంవత్సరం అనే నిలువు వరుస ఒకటి ఉన్నంత మాత్రాన అది ప్యానెల్ అయిపోదు. ఎవరిని అడిగారు, రెండోసారి వెళ్లినప్పుడు మళ్లీ ఆ ఇంటి తలుపే తట్టారా అన్నదాన్ని బట్టే డేటా ఏ రకానిదో తేలుతుంది.

2022 ఆగస్టు నుంచి 2023 జూలై వరకు దేశమంతటా 2,61,746 కుటుంబాల నుంచి వివరాలు సేకరించిన సర్వేను విడిగా తీసుకుంటే అది క్రాస్ సెక్షన్ డేటా, అంటే ఒక కాలవ్యవధిలో అనేక కుటుంబాలు ఎలా ఉన్నాయో చూపే అడ్డుకోత. ఆ సర్వేలో ఒక్కో ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లారు కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆ మూడుసార్లూ అడిగినవి వేరు వేరు సంగతులు: ఒకసారి ఆహార పదార్థాలు, ఒకసారి ఇతర వాడకపు సరుకులూ సేవలూ, ఒకసారి మన్నికైన వస్తువులు. ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడగలేదు గనుక ఇంటికి చివరకు మిగిలేది ఒకే లెక్క. పదకొండేళ్ల ముందటి సర్వేలో వివరాలిచ్చినవి వేరే ఇళ్లు. ఈ రెంటినీ కలిపితే వచ్చేదాన్ని పూల్డ్ క్రాస్ సెక్షన్ అంటారు. మొత్తం ఖర్చులో ధాన్యం వాటా సగటున ఎంత తగ్గిందో దీన్నిబట్టి చెప్పవచ్చు. అయితే 2011-12లో అట్టడుగున ఉన్న ఫలానా కుటుంబం ఆ తర్వాత పైకి వచ్చిందా అన్న ప్రశ్నకు దీనిలో జవాబు దొరకదు. ఆ కుటుంబాన్ని మళ్లీ ఎవరూ పలకరించలేదు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రెండు సర్వేలను కలిపేముందు అడిగిన తీరు ఒకటేనా అని చూసుకోవాలి. 1999-2000లో జరిగిన జాతీయ నమూనా సర్వే 55వ విడతలో ఆహారంపై ఖర్చును గడచిన 7 రోజులకూ 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదానిమీద ప్రభావం చూపిందనీ, అందువల్ల పేదరికం తగ్గుదల అసలుకన్నా ఎక్కువగా కనిపించి ఉండవచ్చనీ ఆర్థికవేత్తల మధ్య ఏళ్ల తరబడి వాదం నడిచింది. మీ రెండు సర్వేల మధ్య కూడా ప్రశ్నావళి మారింది. దానికి తోడు 2011-12 నాటికి రాష్ట్రం ఒకటే గనుక, ఆ ఏటి కుటుంబాలను జిల్లా సంకేతాల ఆధారంగా మీరే రెండుగా విడదీసుకోవాలి.

అసలైన ప్యానెల్ చూడాలంటే దూరం పోనక్కరలేదు. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామస్థాయి అధ్యయనాల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాలున్నాయి. మిగిలిన నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ఊరికి 40 కుటుంబాలను, అందులో 30 సాగుదార్లవి, 10 భూమిలేని కూలీలవి, ఎంచుకుని, పరిశోధకులు ఆ ఊళ్లలోనే ఉంటూ 1980ల నడిమి వరకు ఆ ఇళ్లకే మళ్లీ మళ్లీ వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి లెక్కలు రాసుకున్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనోమెట్రికా పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, ఒక ఇంటికి ఆ ఏడాది రాబడి పడిపోతే తిండి ఖర్చు కూడా అంతగానే పడిపోతుందా, లేక ఊరంతా కలిసి ఆ దెబ్బను పంచుకుంటుందా అని పరిశీలించినది ఈ లెక్కలతోనే. ఒకే ఇంటిని ఏటేటా చూడకపోతే ఆ ప్రశ్న అడగడమే కుదరదు.

ప్యానెల్ వల్ల ఒరిగే మేలేమిటో ఒక చిన్న లెక్కలో చూపిస్తాను. అంకెలు నేను కల్పించినవే. ఒకే ఊళ్లో ఇద్దరు వరి రైతులున్నారు. ఆయకట్టు చివరన పొలమున్న రైతు ఎకరాకు 2 బస్తాల ఎరువు వేసి 20 క్వింటాళ్లు పండించాడు. చెరువుకు ఆనుకుని పొలమున్న రైతు 4 బస్తాలు వేసి 28 క్వింటాళ్లు పండించాడు. ఆ ఒక్క ఏడాది డేటా చూస్తే బస్తాకు 4 క్వింటాళ్ల లాభం కనిపిస్తుంది. మరుసటి ఏడు మొదటి రైతు 3 బస్తాలు వేస్తే 21 క్వింటాళ్లు వచ్చాయి. రెండో రైతు 4 బస్తాల దగ్గరే ఆగాడు, అతని దిగుబడి 28 దగ్గరే ఉంది గనుక వానల్లో పెద్ద తేడా లేదనుకోవచ్చు. ఇప్పుడు బస్తాకు పెరిగింది ఒక్క క్వింటాలే. ముందు కనిపించిన మిగతా 3 క్వింటాళ్లు ఎరువువి కావు, చెరువువి. ఎవరి పొలాన్ని వారి పొలంతోనే పోల్చి, కాలంతో మారని నేల గుణం, నీటి వసతి వంటివాటిని లెక్కలోంచి తీసేసే ఈ విధానాన్నే పుస్తకాల్లో స్థిర ప్రభావాల పద్ధతి అంటారు.

అలాగని ప్యానెల్‌కు లోపాలు లేవనుకోకండి. వలసలకు పేరుబడ్డ పాలమూరులో రెండోసారి వెళ్లేసరికి ఇంటికి తాళం ఉండటం వింతేమీ కాదు. అలా జారిపోయిన కుటుంబాలు మిగిలినవాటికి భిన్నమైనవైతే, మిగిలినవారిని చూసి కట్టే లెక్క తప్పుతుంది. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను వారు పెద్దవారయ్యే దాకా వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనం వంటి వాటిలో, ఇల్లు మారినవారిని వెతికి పట్టుకోవడమే ఒక పెద్ద పని. మీ ప్రాజెక్టులో శీర్షిక మార్చి, ప్రశ్నను సగటుల మార్పుకు పరిమితం చేసుకుంటే మీ శ్రమ వృథా కాదు.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు నెలవారీ సగటు ధరలు ఇరవై ఏళ్లవి సేకరించాను. వాటిని జిల్లాలోని శీతల గిడ్డంగుల సంఖ్యతో పోల్చితే సహసంబంధం చాలా ఎక్కువగా వచ్చింది. గిడ్డంగుల వల్లే ధర పెరిగిందని రాయవచ్చా? కొన్ని నెలలకు ధర లేదు, అక్కడ సున్నా వేశాను.
- ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: ముందు ఆ సున్నాలు తీసేయండి. వేసవి సెలవులకు యార్డు మూసి ఉన్న రోజుల్లో ధర లేదు. లేకపోవడం వేరు, సున్నా కావడం వేరు. ఆ గడులను ఖాళీగా వదలండి.

మీ వద్ద ఉన్నది కాలశ్రేణి, అంటే ఒకే విషయాన్ని కాలక్రమంలో కొలిచిన అంకెల వరుస. క్రాస్ సెక్షన్‌లో కుటుంబాలను ఏ వరుసలో పేర్చినా ఫలితం మారదు. కాలశ్రేణిలో వరుసే ప్రాణం, ఎందుకంటే ఈ నెల ధర పోయిన నెల ధర నీడలోనే ఉంటుంది. రెండు శ్రేణులూ ఏళ్ల తరబడి ఒకే దిక్కుగా నడుస్తుంటే వాటికి ఏ సంబంధం లేకపోయినా సహసంబంధం, అంటే రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చూపే, గరిష్ఠంగా 1 అయ్యే కొలత, గొప్పగా వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1866 నుంచి 1911 వరకు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో జరిగిన పెళ్లిళ్ల నిష్పత్తికీ మరణాల రేటుకూ 0.95 సహసంబంధం వస్తోందని 1926లో గణాంకవేత్త ఉడ్నీ యూల్ చూపించాడు. పెళ్లికీ చావుకూ ముడి ఉందనుకోవడానికి మనలో కొందరికి అభ్యంతరం లేకపోవచ్చు గానీ, అక్కడ జరిగిందల్లా రెండూ కాలంతోపాటు తగ్గుతూ రావడమే.

మీరు చేయవలసింది ఇది. ధరలను వినియోగదారుల ధరల సూచీతో భాగించి ద్రవ్యోల్బణం వాటా తీసేయండి. సూచీ ఆధార సంవత్సరం మధ్యలో మారి ఉంటుంది గనుక పాత, కొత్త శ్రేణులను కలిపే అంకెను వాడండి. గిడ్డంగుల లెక్క ఏడాదికి ఒకటే ఉంటుంది గనుక ధరలను కూడా ఏడాది సగటులుగా మార్చండి. తర్వాత అసలు స్థాయిలను కాక, నిరుటికీ ఈ ఏటికీ మధ్య మార్పులను పోల్చండి. అప్పటికీ సంబంధం నిలిస్తే, ధర బాగుందని గిడ్డంగులు కట్టారా, గిడ్డంగులు కట్టడం వల్ల ధర నిలబడిందా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి ఈ ఇరవై అంకెలు చాలవు.

ప్రశ్న: తెలంగాణ జిల్లాలవారీ పంటల డేటాతో 2005 నుంచి ఇప్పటివరకు ప్యానెల్ కట్టాలనుకుంటున్నాను. 2016 తర్వాత జిల్లాల పేర్లు కలవడం లేదు.
- ఒక అధ్యాపకుడు, నల్లగొండ

జవాబు: 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. పేరు అదే ఉన్నా నేటి నల్లగొండ నాటి నల్లగొండ కాదు. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అందులోంచి వెళ్లిపోయాయి. పేరునిబట్టి జతచేస్తే 2016లో జిల్లా సాగు ఒక్కసారిగా కుప్పకూలినట్టు మీ పట్టికలో కనిపిస్తుంది. కొత్త జిల్లాల అంకెలను కూడి పాత 10 జిల్లాలకు మళ్లించడమే మేలు. ఇక్రిశాట్ జిల్లాస్థాయి డేటాలో 1966 నాటి సరిహద్దులకు ఇలాగే సర్దారు. కొన్ని కొత్త జిల్లాలు ఒకటికి మించిన పాత జిల్లాల మండలాలతో ఏర్పడ్డాయి గనుక, అక్కడ మాత్రం మండలాల లెక్కలు తెచ్చుకుని కూడవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ జిల్లాలను కూడా చేర్చే ఆలోచన ఉంటే, 2022 ఏప్రిల్ 4న అక్కడ 13 జిల్లాలు 26 అయ్యాయన్నది మరవకండి.